గుచ్చి గుచ్చి అడిగితే పిల్లలు ఆలోచిస్తారా, నోరు మూసుకుంటారా?

హనుమకొండ లెక్కల సార్:
మొన్న స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్లమంతా కలిసే మీటింగ్) ఒకటే పాట. పిల్లలు జవాబు చెప్పగానే వదిలేయొద్దట, ‘ఎందుకు, ఎట్లా’ అని ఇంకా లోపలికి పోవాలట. వినడానికి బాగానే ఉంది. నా క్లాసులో 55 మంది, పీరియడ్ 45 నిమిషాలు. ఒక్కడినే పట్టుకొని కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? పైగా రెండో ప్రశ్నకే పిల్లలు బిక్కమొహం వేస్తున్నారు. మీ అనుభవం చెప్పండి.

ములుగు సైన్స్ టీచర్:
సార్, అన్ని పాఠాలకూ అక్కర్లేదు. అసలు విషయం తేలాల్సిన చోట అడిగితే చాలు. సాంద్రత పాఠం చూడండి. రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని మా దగ్గర పిల్లలందరికీ తెలుసు. ఎందుకు తేలతాయంటే ‘తేలిగ్గా ఉంటయ్ మేడమ్’ అన్నాడొకడు. చాలామంది అక్కడే ‘గుడ్, కూర్చో’ అంటారు. నేను ఇనుప మేకు చూపించి, ‘ఇది ఇటుక కంటే తేలికే కదా, మరి ఎందుకు మునుగుతుంది?’ అన్నాను. క్లాసంతా గప్‌చుప్. కాసేపటికి వెనక బెంచీ పిల్ల, ‘ఇటుకల సందులుంటయ్, గాలి ఉంటది’ అంది. ‘అయితే మేకంత ఇటుక ముక్క, మేకు తూస్తే?’ అన్నాను. బరువును సైజుతో కలిపి చూడాలని వాళ్లే పట్టుకున్నారు. నిర్వచనం ఆ తర్వాతే బోర్డు మీద రాశాను. మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు.

నర్సంపేట పేరెంట్:
మేడమ్, మీలా అడిగితే సంతోషమే. మా పాప చదివే ప్రైవేట్ స్కూల్లో తప్పు చెప్పినప్పుడే ‘ఎందుకు?’ అంటారు. రైట్ చెప్తే ‘నెక్స్ట్’. దాంతో ‘ఎందుకు’ అని వినబడగానే జవాబు మార్చేస్తుంది, అది రైటైనా సరే. ఇంట్లో నేను అడిగినా అంతే, టెన్షన్.

ములుగు సైన్స్ టీచర్:
అన్నా, అసలు తిరకాసు అక్కడే ఉంది. సరైన జవాబును కూడా అంతే మామూలుగా తరచి అడగాలి. లేకపోతే ప్రశ్న శిక్ష అయిపోతుంది. ఇంకోటి, మనం ఆగం. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలోనే ఇది గమనించింది: టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగడమే ఎక్కువ. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, ‘తెలియదు’ అనడం తగ్గింది. పిల్లలు జవాబు చెప్పాక కూడా అంతే ఆగాలంది. ఆ రెండోది మనకు బొత్తిగా అలవాటు లేదు.

హనుమకొండ లెక్కల సార్:
మూడు సెకన్లకు నాకేం అభ్యంతరం లేదు మేడమ్. 55 మందిలో మాట్లాడేది ఎప్పుడూ ఆ ఐదుగురే. మిగతా వాళ్ల సంగతి?

ఏటూరునాగారం టీచర్:
సార్, మా దగ్గర ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలు ఎక్కువ. తెలిసినా తెలుగులో చెప్పడానికి టైం పడుతుంది, లేపి నిలబెడితే ఆ కాస్తా పోతుంది. అందుకే ప్రశ్న వేసి, ముందు పక్కవాళ్లతో మాట్లాడుకోమంటాను, కోయలోనైనా సరే. తర్వాత ‘నీ పక్కనోడు ఏమన్నాడు?’ అని అడుగుతా. తప్పైతే పక్కనోడిది కదా, ధైర్యంగా చెప్తారు! మీరు లెక్కల్లో ఒక్కటి చేసి చూడండి: 1/3, 1/4లలో ఏది పెద్దది అని అడిగి, రైట్ చెప్పినవాణ్నే ‘4 పెద్దది కదరా, మరి 1/4 ఎందుకు చిన్నదైంది?’ అనండి.