టీపీఎల్‌ఓ అయిన లాబ్రడార్: చేపనూనె, మెలాక్సికామ్, ఈత గురించి సలహా కావాలి

మాది తిరుపతి. ఆరేళ్ల లాబ్రడార్, 34 కిలోలు, 29కి దించాలి. కుడి వెనక కాలి మోకాలి లిగమెంట్ (ఎముకలను పట్టి ఉంచే కట్టు) తెగితే టీపీఎల్‌ఓ అయింది, అంటే కాలి ఎముకను కోసి, తిప్పి, ప్లేటుతో బిగించే ఆపరేషన్; ఎముక అతికింది. ఆపరేషన్ మోకాలిని నిలబెడుతుందే గానీ కీలు అరుగుదలను ఆపదు. పైగా ఒక లిగమెంట్ తెగిన కుక్కల్లో దాదాపు సగానికి రెండో కాలిదీ తెగుతుంది. అందుకే దిగులంతా ఎడమ కాలి మీదే.

కీళ్ల వాపు తగ్గడానికి వేసే చేపనూనెతోనే చిక్కు. మామూలు 1000 మి.గ్రా. క్యాప్సూల్‌లో ఈపీఏ, డీహెచ్‌ఏ (అందులో పనిచేసే ఒమేగా-3 కొవ్వులు) కలిపితే 300 మి.గ్రా.యే. రోజుకు 2,400 కావాలంటే ఎనిమిది వేయాలి, అంటే 70 కేలరీలు అదనం, ఒక్కోసారి విరేచనాలు కూడా. గాఢత ఎక్కువున్న రకం ఎవరైనా వాడుతున్నారా? కాడ్ లివర్ నూనె వద్దు, విటమిన్ ఎ, డి మోతాదు మించిపోతుంది. (కీళ్లకని వాడే గ్లూకోజమిన్ మీద నాకు నమ్మకం లేదు.)

నొప్పి, వాపు తగ్గించే మెలాక్సికామ్ కిలోకు 0.1 మి.గ్రా. చొప్పున, కుంటిన రోజుల్లోనే, పెరుగన్నం తిన్నాక ఇస్తున్నాం. నెలల తరబడి ఇచ్చేవాళ్లు క్రియాటినిన్ (కిడ్నీలకు), ఎస్‌జీపీటీ (కాలేయానికి) రక్తపరీక్షలు ఎన్నాళ్లకోసారి చూపిస్తున్నారు?

మే నెలలో కాస్త పొద్దెక్కితే రోడ్డు కాలుతుంది, ఇంట్లోనేమో నున్నటి బండలు. అందుకే నడకకు బదులు ఈత అనుకుంటున్నాం. వెటర్నరీ కాలేజీ చుట్టుపక్కల గానీ చిత్తూరులో గానీ కుక్కను ఈదించే తొట్టి ఉందా? చెరువు వద్దు, గట్టెక్కేటప్పుడు మోకాలు మెలిపడుతుంది.