ప్లాట్ల పనిలో నాలుగేళ్లు: పైసలొస్తున్నాయి, తృప్తి లేదు. మీకెలా ఉంది?

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి)

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా మహబూబ్‌నగర్‌లో ప్లాట్లు అమ్మిపెట్టే పని చేస్తున్నా. అంతకుముందు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఆ జీతం కంటే ఇక్కడ ఎక్కువే వస్తోంది, అబద్ధం చెప్పను. కానీ ఆదివారం వచ్చిందంటే టెన్షన్. పొద్దున్నే వెంచర్ వాళ్లు వ్యాన్ పెడతారు. పార్టీలను, అంటే కొనేవాళ్లను, ఎక్కించుకుని భూత్పూర్ వైపో జడ్చర్ల వైపో తీసుకుపోవాలి. మధ్యాహ్నం బిర్యానీ తినేలోపు బయానా (అడ్వాన్సు) రాయించాలి. రాయించకపోతే సాయంత్రం మీటింగులో నిలబెట్టి అడుగుతారు.

పోయిన నెల ఒక పెళ్లిలో మా దూరపు బంధువు నన్ను చూసి, ప్లేటు పట్టుకుని అవతలి వరుసలోకి జరిగాడు. ప్లాటు గురించి ఎత్తుతానని భయం! అప్పుడు నవ్వొచ్చింది గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ పనిలో పది, ఇరవై ఏళ్లు ఉన్నవాళ్లను అడుగుతున్నా. మీకు తృప్తి అనేది ఉందా? ఉంటే ఎక్కడ దొరుకుతోంది? లేదంటే నేను మళ్లీ బడికే పోవాలా?

జవాబు (నల్లగొండ, ఇరవై రెండేళ్లుగా ఇదే పని)

తమ్మీ, నువ్వు చేస్తున్నది వెంచర్ వాళ్ల పని. పార్టీ పని ఇంకా మొదలుపెట్టలేదు. కోపం తెచ్చుకోకు, నేనూ మొదటి ఐదేళ్లు అదే చేశా.

ఒక సంగతి చెప్తా. దేవరకొండ రోడ్డు వైపు ఒక పాత ఇల్లు అమ్మకానికి వచ్చింది. కొనేది కరెంటు ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన. వచ్చిన డబ్బులన్నీ దీంట్లోనే పెడుతున్నాడు. అమ్మేవాడు తొందరపెడుతున్నాడు, రేటు కూడా మంచిదే. కాగితాలు చూస్తే ఇల్లు తండ్రి పేరు మీద ఉంది. కొడుకు ఒక్కడే సంతకం పెడతానంటున్నాడు. ఆడబిడ్డలు ఎంతమంది అని అడిగా. ఇద్దరట. ఒకామె మిర్యాలగూడలో, ఇంకొకామె భివండిలో మగ్గాల పనికి పోయిన కుటుంబంలో ఉంది. ఆ భివండి ఆమెకూ అన్నకూ మాటల్లేక ఆరేళ్లయింది.

ఆమె సంతకం లేకపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. రిజిస్ట్రేషన్ ఈరోజు అయిపోతుంది, కోర్టు నోటీసు రేపో పదేళ్లకో వస్తుంది. బయానా వద్దని ఆపేశా. అమ్మేవాడు నన్ను తిట్టాడు, ఇంకో మధ్యవర్తిని తెచ్చుకుంటానన్నాడు. కొనే పెద్దాయన మాత్రం ఆగాడు. మూడు నెలల తర్వాత దసరాకు ఆమె వచ్చింది, వాటా మాట్లాడుకున్నారు, ముగ్గురూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చారు. అక్కడ కూడా అన్నాచెల్లెళ్లు మాట్లాడుకోలేదు, సినిమాలో లాగా ఏమీ జరగలేదు. కానీ సంతకం పెట్టాక ఆమె నా దగ్గరికొచ్చి, పెరట్లో వాళ్లమ్మ రోలు ఉంది, తీసుకుపోవచ్చా అని అడిగింది. పెద్దాయనకు చెప్తే తనే దగ్గరుండి ఆటోలో ఎక్కించాడు.

ఆ పనికి నాకొచ్చిన కమీషన్ ఎంతో గుర్తులేదు. రోలు గుర్తుంది. పెద్దాయన తర్వాత తన తోటి ఉద్యోగులను నలుగురిని పంపించాడు, అది వేరే లాభం.

జవాబు (జడ్చర్ల నుంచి)

నేను అద్దె ఇళ్లు మాత్రమే చూపిస్తా. అమ్మకాల జోలికి పోను. పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీల్లో చేరడానికి ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వస్తారు. బస్సు దిగి, బ్యాగు భుజాన వేసుకుని, సాయంత్రంలోపు రూము కావాలంటారు. ఆడపిల్లలైతే వాళ్ల నాన్న కూడా వస్తాడు. రూము కంటే ముందు చుట్టుపక్కల ఎవరుంటారు అని అడుగుతాడు. అందుకే ఇల్లు చూడకముందే పక్కింటావిడతో మాట్లాడతా. మే నెలలో బోరు నీళ్లు వస్తాయా, నైట్ షిఫ్టు నుంచి వచ్చే పిల్లకు గేటు తీస్తారా, ఇవి ఓనర్ చెప్పడు, పక్కింటావిడ చెప్తుంది.

కమీషన్ తక్కువే. కానీ తమ్ముడూ, నా పని ఏరోజుకారోజు తెలిసిపోతుంది. రాత్రి ఆ నాన్న ఊరికి బస్సెక్కి ఫోన్ చేస్తే చాలు, నాకు అన్నం సహిస్తుంది.

జవాబు (సూర్యాపేట నుంచి)

అందరూ తృప్తి తృప్తి అంటున్నారు. బ్యాంకు కిస్తీ తృప్తితో తీరదు కదా! రెండు నెలలు తిప్పించుకుని, చివర్లో నన్ను పక్కనపెట్టి ఓనర్‌తో నేరుగా మాట్లాడుకున్న పార్టీలు నాకు ముగ్గురున్నారు. వాళ్లకూ నేను మంచే చేశా. నా సలహా ఒకటే. ఎవరి దగ్గర ఎంత తీసుకుంటావో మొదటిరోజే చెప్పు, వీలైతే వాట్సాప్‌లో రాసిపెట్టు. రెండు వైపులా తీసుకుంటే రెండు వైపులకూ తెలియాలి. లోపల అసూయ, బాకీ పెట్టుకుని మేలు చేస్తే అది మేలులా ఉండదు.

అడిగినవారు మళ్లీ

అందరికీ థ్యాంక్స్. నల్లగొండ అన్న మాట కొంచెం గుచ్చుకుంది, నిజమే కాబట్టి.

ఇప్పుడు చేతిలో ఉన్న కేసు చెప్తా. మక్తల్ వైపు నుంచి భార్యాభర్తలు వచ్చారు. పద్దెనిమిదేళ్లు ముంబైలో బిల్డింగు పని. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు కదా, అందరికీ ఇళ్లు కట్టినవాళ్లే. ఇప్పుడు పిల్లల చదువు కోసం మహబూబ్‌నగర్‌లో 150 గజాలు కొని తమకోసం ఒక ఇల్లు కట్టుకుంటారట. నేను చేసే వెంచర్‌లో గజం 6,000, అంటే 9 లక్షలు. నాకు గజానికి 300, అంటే 45 వేలు. వాళ్లు నన్ను నమ్మేశారు, ఆదివారమే బయానా ఇస్తామంటున్నారు. కంపెనీ ఇచ్చిన జిరాక్సులు తప్ప నేనెప్పుడూ ఏమీ చూడలేదు. ఏం చూడాలి?

జవాబు (డాక్యుమెంట్ రైటర్, నాగర్‌కర్నూల్)

సార్, లెక్కల మాస్టారు కాబట్టి లెక్కతో మొదలుపెడతా. ప్లాటు 9 లక్షలు అని చెప్పి వదిలేయకండి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి సుమారు 7.5 శాతం, అంటే ఇంకో 67,500. కూలిపని చేసుకునేవాళ్లకు ఇది చివరిరోజు తెలిస్తే అప్పుకు పరిగెత్తుతారు.

తర్వాత రెరా, అంటే ప్లాట్ల, ఇళ్ల అమ్మకాలను అదుపు చేసే సంస్థ. 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన లేఅవుట్‌ను రెరాలో రిజిస్టర్ చేయకుండా అమ్మకూడదు. అమ్మిపెట్టే మీరూ ఏజెంటుగా రిజిస్టర్ అయి ఉండాలి. లేకపోతే రోజుకు 10,000 చొప్పున జరిమానా ఉంది. అయ్యారా? మీరు చెప్పలేదు. ఇంకోటి, అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదు. కాబట్టి ఆదివారం వాళ్లు సంచీలో పైసలన్నీ తెస్తే మీరే ఆపాలి.

పంచాయతీ లేఅవుట్ అని చెప్తే నమ్మకండి, పంచాయతీ ఒక్కటే ఇచ్చిన ఆమోదం చాలదు. డీటీసీపీ (పట్టణ ప్రణాళికా శాఖ) ఆమోదం నంబరు అడిగి, ఆ నక్షాలో మీ ప్లాటు నిజంగా ఉందో, పార్కు స్థలంలో పడిందో చూడండి.

ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది. కానీ ఈసీ క్లీన్ అంటే భూమి క్లీన్ అని కాదు సార్. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనిపిస్తాయి. సాదా బైనామాలు (తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాలు), పాలివాళ్ల తగాదాలు అందులో ఉండవు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా, అదే 22-ఏ, దాన్ని వేరుగా చూడాలి. లేఅవుట్ కాకముందు అది ఏ సర్వే నంబరో పట్టుకుని పాత పహాణీలు (రెవెన్యూ వాళ్ల భూమి రికార్డులు) తీయించండి. లావుణి, బంచరాయి, శిఖం అన్న మాట కనబడితే అక్కడే ఆగండి. లావుణి అంటే పేదలకిచ్చిన అసైన్డ్ భూమి, 1977 చట్టం ప్రకారం అమ్మడం కొనడం కుదరదు. బంచరాయి అంటే ఊరి పశువుల మేత భూమి, శిఖం అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి.

కాగితాలన్నీ అయ్యాక ఊళ్లోకి పోండి. పాత నీరటి, అంటే చెరువు నీళ్లు చూసుకునేవాడు, ఎవరైనా ఉంటే ఆయన్ను అడగండి. కుంట నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆయనకు తెలిసినంత ఏ ఆఫీసులోనూ తెలియదు. పెద్దవాన పడ్డ మర్నాడు పోతే ఎవరినీ అడగక్కర్లేదు.

అడిగినవారు (పది రోజుల తర్వాత)

పోయి చూశా. రెరా నంబరు వెంచర్ బోర్డు మీద ఉంది, నిజమైనదే. కానీ ఆ నంబరు మొదటి ఫేజుకు. మాకు అమ్మమంటున్నది రెండో ఫేజు, పక్క సర్వే నంబరు. పాత పహాణీలో కొంత భాగానికి శిఖం అని ఉంది. నీరటి తాత చనిపోయాడట, ఆయన కొడుకు గొర్రెలు కాస్తున్నాడు. కర్రతో నేల మీద గీసి చూపించాడు, నీళ్లు ఇక్కడిదాకా వస్తాయని. ఆ గీత మా ప్లాటు అవతల పడింది, అంటే ప్లాటు నీళ్లలోకే వస్తుంది.

మక్తల్ వాళ్లకు ఫోన్ చేసి ఈ ప్లాటు వద్దు అని చెప్పా. ముందు ఆమెకు అర్థం కాలేదు, మేమేమైనా తప్పు చేశామా సార్ అని అడిగింది. పహాణీ ఫొటో పంపి మెల్లగా చెప్పా. తర్వాత ఆయన ఫోన్ తీసుకుని ఇంకేం అనకుండా, అయితే మీరే ఇంకోటి చూడండి అన్నాడు.

45 వేలు పోయాయి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. మీటింగులో చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు, అందుకే ముందే ఆ వెంచర్ వాళ్ల గ్రూపులోంచి బయటికొచ్చేశా. మన్యంకొండ రోడ్డు వైపు ఒక పాత ఇంటి స్థలం ఉంది, ఓనర్‌కు ముగ్గురు ఆడబిడ్డలట. నల్లగొండ అన్నా, ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకున్నా. డాక్యుమెంట్ రైటర్ గారూ, నా రెరా దరఖాస్తుకు ఏమేం కాగితాలు పెట్టాలో కొంచెం చెప్తారా?