మితభాషి అయిన విద్యార్థి గురించి ఇంగ్లీషులో ఏ విశేషణం వాడాలి?

ప్రశ్న:
మా ఇంజినీరింగ్ విద్యార్థిని ఒకమ్మాయి అమెరికాలో ఎంఎస్‌కి దరఖాస్తు చేస్తోంది. సిఫారసు లేఖ నేను రాయాలి. అమ్మాయి మితభాషి. అడిగితే తప్ప నోరు విప్పదు, పని మాత్రం వంక పెట్టలేనిది. షై, రిజర్వ్‌డ్, రెటిసెంట్, ఇంట్రోవర్ట్‌లలో ఏది రాస్తే ఆమెకు మేలు?

జవాబు 1:
రిజర్వ్‌డ్ రాయండి మాస్టారూ. మనసులోది తొందరగా బయటపెట్టదనే తప్ప అందులో నింద లేదు. షై అంటే బిడియం, నలుగురిలో మాట పెగలదేమో అనుకుంటారు. డిఫిడెంట్ ఇంకా చేటు, తన మీద తనకే నమ్మకం లేదన్నట్టు. రెటిసెంట్ ఫలానా సంగతి చెప్పడానికి ఇష్టపడకపోవడానికి బాగా నప్పుతుంది, పక్కన ‘అబౌట్’ పెట్టాలి. ‘రెటిసెంట్ అబౌట్ హర్ అచీవ్‌మెంట్స్’ అంటే చేసింది చెప్పుకోదని. మీ లేఖకు ఇది చక్కగా పనికొస్తుంది. ‘రెటిసెంట్ టు స్పీక్’ అంటే మాత్రం చాలామంది తప్పు పడతారు. టాసిటర్న్‌లో ముభావం, అలూఫ్‌లో అంటీముట్టనితనం, విత్‌డ్రాన్‌లో ఏదో దిగులుతో ముడుచుకుపోయిందన్న ధ్వని ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు.

జవాబు 2:
విశేషణం కంటే దాని పక్కన ఏం పెడతారన్నదే ముఖ్యమండీ. ‘రిజర్వ్‌డ్ బట్ హార్డ్‌వర్కింగ్’ అని రాసేవాళ్ళే ఎక్కువ. ఆ ‘బట్’ వల్లే తక్కువ మాట్లాడటం ఒక లోపమైపోతుంది. ‘క్వైట్ అండ్ థరో’ (నెమ్మదస్తురాలు, పని క్షుణ్ణంగా చేస్తుంది) అనండి. వెంటనే రుజువు చూపండి: ‘షి సెల్డమ్ స్పీక్స్ ఇన్ క్లాస్, అండ్ వెన్ షి డస్, ఇట్ ఈజ్ టు ఆస్క్ వాట్ ద రెస్ట్ ఆఫ్ అజ్ మిస్డ్.’ ఆ తర్వాత ఆమె ప్రాజెక్టులో పట్టుకున్న పొరపాటు ఒకటి, అది ఎలా సరిచేసిందో రెండు వాక్యాల్లో. ఇక ఇంట్రోవర్ట్ నామవాచకం, ముందు ‘యాన్’ (an) ఉండాలి, విశేషణం ఇంట్రోవర్టెడ్. లేఖలో రెండూ వద్దు. మనస్తత్వ వర్గీకరణ మీ పని కాదు, ఆమె ఎలా పనిచేస్తుందో చెప్పడం మీ పని.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. మోడెస్ట్, హోమ్లీ వాడొచ్చా?

జవాబు 1:
హోమ్లీ పొరపాటున కూడా వద్దు! మన పెళ్ళి ప్రకటనల్లో ఇంటిపట్టున ఉండే అమ్మాయని రాస్తారు. అమెరికాలో మనిషిని హోమ్లీ అంటే చూడ్డానికి బాగోదని. మోడెస్ట్ మనిషికి చెబితే మంచిదే, కానీ ‘మోడెస్ట్ ఎబిలిటీ’ అంటే అంతంతమాత్రం తెలివని అర్థమొస్తుంది. ‘అన్‌అస్యూమింగ్’ (గొప్పలు పోని మనిషి) వాడండి, ఆ చిక్కు ఉండదు.