ఒక్కడి మెడల్ కోసం సీఎన్‌సీ మిషన్ నాలుగు నెలలు మిగతావాళ్లకు బంద్ చేయడం కరెక్టేనా?

టర్నర్_రెండో_ఏడు:
అందరికీ నమస్తే. గోదావరి జిల్లాల్లో ఒక ఐటీఐలో టర్నర్ (లేత్ పని) రెండో ఏడు చదువుతున్నాను, కాలేజీ పేరు అడగొద్దు. మాకున్నది ఒక్క సీఎన్‌సీ లేత్, అంటే కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచేది. బ్యాచ్‌లో ఇరవై మందిమి. మాలో ఒకడు స్కిల్ పోటీలో జిల్లాలో ఫస్ట్ వచ్చాడు, రాష్ట్ర పోటీకి పోవాలి, అంతే, ఆ రోజు నుంచి మిషన్ వాడిది, సార్ కూడా వాడిదే. మాకేమో పాత లేత్‌ల మీద అదే ఫేసింగ్, అదే స్టెప్ టర్నింగ్. ఆ లేత్‌లు ఆరున్నాయి, నడిచేవి నాలుగు, అందులో ఒకదానికి రాడ్‌ను పట్టుకునే చక్ కదులుతుంది. నాలుగు నెలలు ఇదే కథ. వాడు రాష్ట్రంలో సెకండ్ వచ్చాడు, గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. బాగానే ఉంది. కానీ మా ఇరవై మందిలో సీఎన్‌సీ మీద సొంతంగా ప్రోగ్రాం ఎక్కించి సైకిల్ స్టార్ట్ నొక్కినవాళ్లు ఎంతమంది అని లెక్కపెడితే నలుగురం తేలాం. మిగతావాళ్లు మిషన్‌కు ఎక్కించే జీ కోడ్ నోట్సులో రాసుకున్నారు, అంతే.

ఒకటి ముందే చెప్తున్నా, వాడి మీద నాకు కుళ్లు లేదు. వాడు హాస్టల్లో నా రూమ్‌మేటే. రాత్రి పదకొండింటికి ఒళ్లంతా కూలెంట్ వాసనతో వచ్చి చల్లారిపోయిన అన్నం తిని పడుకునేవాడు. నా ప్రశ్న కాలేజీ గురించి. ఒకడికి మెడల్ రావడం గొప్పా, ఇరవై మందికీ పని రావడం గొప్పా?

పాత_ఏటీవో:
బాబూ, నేను ఐటీఐలో ఏటీవోగా (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్, అంటే పని నేర్పే మాస్టారు) చేరి, దానిపై పోస్టు డీటీవోగా రిటైరయ్యాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఫిట్టర్ సెక్షన్‌లో ఉన్నాను కాబట్టి అవతలి వైపు కూడా కాస్త విను. ఐటీఐలు 1950 నుంచి ఉన్నాయి. అయినా ఊళ్లో ఎవరినైనా అడుగు, "ఇంటర్‌లో సీటు రాకపోతే చేరేది" అంటారు. డిగ్రీ వాళ్లలాగా ఐటీఐ పిల్లలకు కూడా పట్టా ఇచ్చే పండుగ దేశమంతటా మొదటిసారి జరిగింది 2022 సెప్టెంబర్ 17న, విశ్వకర్మ జయంతి రోజు. అంటే డెబ్భై రెండేళ్లు పట్టింది. అలాంటి చోట ఒక పిల్లవాడు మెడలో పతకం వేసుకుని ఊరికి పోతే, మరుసటి ఏడు అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు వచ్చి "మా వాణ్ణి కూడా ఆ సార్ దగ్గరే వేయండి" అంటారు. నేను కళ్లారా చూశాను.

ఇంకొకటి. సామాను కావాలని మేం ఎన్ని ఉత్తరాలు రాసినా కదలని ఫైలు పోటీ అనేసరికి వారంలో కదిలేది. ఆ పేరు మీద వచ్చిన ఇన్సర్టులు (టూల్‌కు బిగించే కోత ముక్కలు), రాడ్లు, మైక్రోమీటర్లు తర్వాత అందరివీ అవుతాయి కదా. ఒకణ్ణి బాగా తయారు చేసిన మాస్టారు మరుసటి బ్యాచ్‌కు మునుపటికన్నా బాగా చెప్తాడు, అది కూడా లెక్కలో వేసుకోవాలి.

దమ్మామ్_వెల్డర్:
సార్ మాట కాదనను కానీ, నాది జగిత్యాల దగ్గర పల్లె, వెల్డర్ ట్రేడ్ ఒక ఏడాది చేసి గల్ఫ్ వచ్చాను, పదకొండేళ్లయింది. ఇక్కడికి రావాలంటే ఏజెంట్ దగ్గర టెస్ట్ ఉంటుంది. పైపు ముక్కలు రెండు ఇస్తారు, 6జీ పొజిషన్‌లో అంటించమంటారు. పైపు నలభై అయిదు డిగ్రీల వాలులో కట్టేసి ఉంటుంది, అటూ ఇటూ తిప్పకూడదు, మనమే చుట్టూ తిరిగి వంగి లేచి రూట్, అంటే మొదటి వరస వెల్డ్, వేయాలి. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. లోపల గాలి బుడగ ఉంటే ఇంటికే. అక్కడ నా సర్టిఫికెట్ ఎవ్వడూ తెరిచి కూడా చూడలేదు, మెడల్ సంగతి తర్వాత. మా ఐటీఐలో మాకు రాడ్లు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు, రోజుకు మూడో నాలుగో. నేను అసలు పని నేర్చుకున్నది బయట షెడ్డులో, జీతం లేకుండా ఎనిమిది నెలలు, గేట్లు కిటికీలు అంటించి. తమ్ముడి బాధ నాకు తెలుసు. చేతికి గంటలు కావాలి, వేరే దారి లేదు.

బీటెక్_బ్యాక్‌లాగ్:
సీఎన్‌సీ యూట్యూబ్‌లో ఉంటుంది కదా బ్రో, సిమ్యులేటర్ ఫ్రీగా దొరుకుతుంది, ఏడుపెందుకు

టర్నర్_రెండో_ఏడు:
@బీటెక్_బ్యాక్‌లాగ్ అన్నా, ఈత కూడా యూట్యూబ్‌లో ఉంది, గోదాట్లో దూకి చూడు. సిమ్యులేటర్‌లో టూల్ వెళ్లి చక్‌కు కొడితే స్క్రీన్ ఎర్రగా అవుతుంది, అంతే. మిషన్ మీద కొడితే వేలల్లో ఖర్చు, ఆ భయం చేతికి తెలిస్తేనే ఆఫ్‌సెట్ (మిషన్‌కు ఇచ్చే టూల్ కొలత) రెండుసార్లు చూసుకుంటాం.

@పాత_ఏటీవో సార్, మీరన్న ఇన్సర్టులు వచ్చాయి. బీరువాలో ఉన్నాయి. తాళం స్టోర్స్ సార్ దగ్గర ఉంది. వచ్చే ఏడు పోటీకి దాచారట.

బాలానగర్_షెడ్డు:
ఈ చర్చ నాకు మా తమ్ముడు పంపితే చూశాను. హైదరాబాద్ బాలానగర్‌లో మాది చిన్న జాబ్ వర్క్ షెడ్డు, రెండు సీఎన్‌సీలు, మూడు మామూలు లేత్‌లు. ఐటీఐ కుర్రాళ్లు వస్తుంటారు. నేను చూసేది ఏమిటో చెప్తా. వచ్చిన మొదటి రోజు ఒక ఎంఎస్ (మామూలు స్టీలు) రాడ్ ఇచ్చి పాత లేత్ మీద 25 మిల్లీమీటర్లకు తీయమంటాను. సైజు తర్వాత చూస్తా. ముందు చూసేది చక్ కీ. రాడ్ బిగించాక కీ తీసి పక్కన పెట్టాడా, చక్‌లోనే వదిలి స్విచ్ వేయబోయాడా. వదిలేశాడంటే ఆ కీ ఎగిరి ఎవరి నెత్తినో పడుతుంది, వాడు ఎన్ని మెడల్స్ తెచ్చినా నాకు వద్దు. రెండోది, కొలిచే ముందు మిషన్ ఆపుతాడా లేదా. మూడోది, సాయంత్రం బెడ్డు మీద చిప్స్ ఊడ్చి నూనె రాసి పోతాడా.

పోయిన ఏడు పోటీల్లో ఆడిన ఒక పిల్లవాడు వచ్చాడు, రాష్ట్ర స్థాయి. చెయ్యి చాలా నీటు, సైజు మిల్లీమీటరులో వందకు రెండు పాళ్ల తేడాలో పట్టేవాడు. కానీ ఒక్క ముక్కకు గంటన్నర తీసుకునేవాడు. మాకు పూటకు నలభై ముక్కలు పోవాలి. మూడు నెలల్లో సర్దుకున్నాడనుకోండి, ఇప్పుడు సెట్టింగ్ అంతా వాడే చూస్తాడు. కాబట్టి పోటీ వల్ల పాడయ్యాడని అనలేను, బాగుపడ్డాడని కూడా వెంటనే అనలేకపోయాను.

ఎలక్ట్రీషియన్_అక్క:
నాది వేరే కోణం. మా బ్యాచ్‌లో ఇరవై మందికి ఆడపిల్లలం ముగ్గురం. పోటీకి పేర్లు ఇవ్వమన్నప్పుడు మా సార్ క్లాసులో అబ్బాయిల వైపు బెంచీలే చూశారు. నేనే వెళ్లి అడిగితే "రాత్రి పదింటిదాకా ప్రాక్టీస్ ఉంటుందమ్మా, మీ ఇంట్లో ఒప్పుకుంటారా" అన్నారు. ఇంట్లో ఒప్పుకున్నారు. అప్పుడు "తోడు ఎవరుంటారు, లేడీ స్టాఫ్ లేరు" అన్నారు. అంటే మిషన్ టైం ఒకడికే ఇవ్వడం ఒక అన్యాయమైతే, ఆ ఒక్కడు ఎవరో ముందే తేలిపోవడం ఇంకో అన్యాయం. ఏటీవో సార్ తప్పుగా అనుకోవద్దు, మా సార్ మంచివారే. నేను ఇప్పుడు సబ్‌స్టేషన్‌లో కాంట్రాక్టు మీద నైట్ షిఫ్టే చేస్తున్నాను, నవ్వొస్తుంది తలుచుకుంటే.

దమ్మామ్_వెల్డర్:
చెల్లీ, గట్టిగా చెప్పావు.

పోటీ_నుంచి_వచ్చినోడు:
ఇందాకట్నుంచి చదువుతున్నా, ఇక ఊరుకోలేక రాస్తున్నా. నేను అలాంటి "ఒక్కణ్ణే". ఎలక్ట్రికల్ ఇన్‌స్టాలేషన్స్‌లో రాష్ట్రం దాటి పై రౌండ్ దాకా వెళ్లి ఆగిపోయాను. బయట ఉన్నవాళ్లకు కనపడని సంగతులు కొన్ని ఉన్నాయి.

ప్రపంచ పోటీ (వరల్డ్‌స్కిల్స్) రెండేళ్లకు ఒకసారి జరుగుతుంది, చాలా ట్రేడ్లకు వయసు 22 దాటకూడదు. అంటే ఒకసారి తప్పితే నీ వయసు అయిపోయినట్టే. 2019లో రష్యాలోని కజాన్‌లో మన దేశానికి వాటర్ టెక్నాలజీలో బంగారం వచ్చింది, 2024లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో నాలుగు కాంస్యాలు వచ్చాయి. ఇంత పెద్ద దేశానికి ఎందుకింత తక్కువ అని అందరూ అడుగుతారు. అక్కడ 700 పాయింట్లు దాటితే పతకం రాకపోయినా మెడాలియన్ ఫర్ ఎక్సలెన్స్ ఇస్తారు. లియోన్‌లో మనవాళ్లకు అవి పన్నెండు వచ్చాయి. దాన్ని మన ఊళ్లలో "ఓడిపోయి వచ్చాడు" అంటారు.

ఇక నా సంగతి. ఏడు నెలలు కేబుల్ ట్రే, కాండ్యూట్ (వైర్ల పైపు) బెండింగ్, ప్యానెల్ వైరింగ్ తప్ప వేరే లోకం లేదు. పైపు వంపు ఒక్క డిగ్రీ తేడా వస్తే మా సార్ పీకేసి మళ్లీ వేయించేవారు. డ్రాయింగ్ చదవడం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది, అది ఎవ్వరూ నా దగ్గర్నుంచి తీసుకోలేరు. కానీ అదే టైంలో రైల్వే ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) నోటిఫికేషన్ పడింది. అది కంప్యూటర్ పరీక్ష, లెక్కలూ రీజనింగూ, రెండో దశలో ట్రేడ్ ప్రశ్నలు కూడా బిట్లే. నా చెయ్యి ఎంత నీటుగా పైపు వంచుతుందో ఆ కంప్యూటర్‌కు ఏం తెలుసు. రైల్వే అప్రెంటిస్‌కైతే అసలు పరీక్షే లేదు, పదో తరగతి మార్కులూ ఐటీఐ మార్కులూ కలిపి మెరిట్ తీస్తారు. నా థియరీ మార్కులు పోటీ గొడవలో తగ్గాయి. నాతో పాటు చదివి, పోటీ మొహం చూడనివాళ్లు ఇద్దరు వర్క్‌షాప్‌లో అప్రెంటిస్ చేసి వచ్చారు. నేను రెంటికీ చెడ్డ రేవడినయ్యాను రెండేళ్లపాటు.

కొరియాలో ఈ పతకాలు తెచ్చినవాళ్లను శాంసంగ్ లాంటి కంపెనీలు పిలిచి ఉద్యోగంలో పెట్టుకుంటాయి. అక్కడ కుర్రాడు నాలుగు నెలలు కాదు, ఏళ్లకేళ్లు ఇస్తాడు, ఎందుకంటే అవతల ఏముందో వాడికి తెలుసు. మన దగ్గర అవతల ఉన్నది ఫ్లెక్సీ. అందుకే తమ్ముడూ, నువ్వు నీ రూమ్‌మేట్ వైపు నుంచి కూడా అడగాలి. మీ ఇరవై మంది టైం తీసుకున్నారు సరే, వాడి టైం తీసుకుని వాడికి ఏమిచ్చారు?

పాత_ఏటీవో:
ఈ పోస్టు చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టాను.

నేను ఒకటి ఒప్పుకోవాలి. నేను తయారు చేసిన పిల్లల్లో పై రౌండ్లకు వెళ్లినవాళ్లు ముగ్గురు. వాళ్ల ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. అందులో ఒకడు ఇప్పుడు ఏం చేస్తున్నాడో నాకు తెలియదు. తెలుసుకుని ఉండాల్సింది.

అయినా పోటీ వద్దనే మాటకు మాత్రం నేను రాను. మిషన్ ఒక్కటే ఉండటం అసలు రోగం, పోటీ కాదు. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తామని 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన చేశారు, ఖర్చు రెండు వేల కోట్ల పైమాట. మిషన్లు వస్తే ఈ కొట్లాట సగం ఉండదు.

బాలానగర్_షెడ్డు:
సార్, మిషన్లు వస్తాయి, సంతోషం. కానీ దాన్ని నడిపించే ఏటీవో పోస్టు ఖాళీగా ఉంటే ఆ మిషన్ మీద గుడ్డ కప్పి పూజ చేస్తారు. ఒక ఐటీఐలో అలా కప్పిన మిషన్‌కు ఆయుధపూజ నాడు బొట్టు పెట్టడం చూశాను. నడిపించి చూపేవాడే లేడు.

ఎలక్ట్రీషియన్_అక్క:
తమ్ముడూ, ఇంతకీ నీకు ఏం కావాలి? పోటీ ఆపమనా, మిషన్ టైం ఇమ్మనా? రెండూ కలిపి అడిగితే ఏదీ ఇవ్వరు, కాగితం మీద ఒక్కటే రాసి అడుగు.

టర్నర్_రెండో_ఏడు:
అక్కా, నువ్వన్నట్టే చేశాను, అందుకే మూడు రోజులు కనపడలేదు. పోటీ గురించి ఒక్క మాట రాయలేదు. "సీఎన్‌సీ మిషన్‌కు పేర్లతో టైం పట్టిక గోడకు అంటించాలి, ఒక్కొక్కరికి వారానికి రెండు గంటలు" అని రాసి పదిహేడు మంది సంతకాలు పెట్టాం. మొదటి సంతకం నా రూమ్‌మేట్‌ది. వాడే పెడతానన్నాడు, నేను అడగలేదు. పైగా సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తానే దగ్గరుండి నేర్పిస్తానని కింద ఒక లైను కలిపాడు.

ప్రిన్సిపాల్ గారు చదివి, "మిషన్ పాడైతే ఎవరు బాధ్యత" అన్నారు. సార్ వైపు చూశారు. సార్ కాసేపు ఊరుకుని "నేనే" అన్నారు. ప్రస్తుతానికి మంగళ, శుక్రవారాలు ఇచ్చారు. ఇన్సర్టుల బీరువా మాత్రం ఇంకా తెరవలేదు.

@పోటీ_నుంచి_వచ్చినోడు అన్నా, నీ ప్రశ్న వాడిని అడిగాను. వచ్చే ఏడు మళ్లీ వెళ్తావా అన్నాను. "ఏఎల్‌పీ పుస్తకం కొన్నాను" అన్నాడు, నాకు చూపించాడు కూడా. దాంట్లో గుర్తుగా పెట్టుకున్నది ఆ రాష్ట్ర పోటీ ఐడీ కార్డు.

దమ్మామ్_వెల్డర్:
మంగళవారం ఏం తిప్పావో రాయి తమ్ముడు. సైజు ఎంత వచ్చిందో కూడా.

టర్నర్_రెండో_ఏడు:
అడిగింది 24.00, వచ్చింది 24.06. ఆఫ్‌సెట్ మర్చిపోయాను అన్నా. చక్ కీ మాత్రం తీశాను.