అప్‌డేట్: 1993 కాడిలాక్ అలాంటే ఇంటికి వచ్చింది

ముందుముందు క్లాసిక్ అవుతుందన్న నమ్మకంతో కాడిలాక్ వారి పాత ఓపెన్-టాప్ కారు అలాంటే కొనవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, కొనేశాను. 1993 మోడలే పట్టుబట్టి వెతికాను. 295 హార్స్‌పవర్ నార్త్‌స్టార్ వి8 ఇంజిన్ అలాంటేలో వచ్చింది ఆ ఒక్క ఏడాదే.

హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) చూసుకోమన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మెకానిక్ రేడియేటర్ మూతి దగ్గర రసాయన పరీక్ష చేశాడు. గొట్టంలోని నీలి ద్రవం పసుపు రంగుకు తిరగలేదు, అంటే గాస్కెట్ లీకు కనబడలేదు. అప్పుడే బేరం ఖాయం చేశాను. విడిగా బిగించుకునే అల్యూమినియం టాప్ కూడా దక్కింది. గుడ్డ టాప్ అంచు రబ్బరు మాత్రం పగిలింది, మార్చాలి.

ధర పెరిగినా పెరగకపోయినా అమ్మను. ఇటలీలో పినిన్‌ఫరీనా కంపెనీ తయారుచేసిన బాడీని బోయింగ్ 747 విమానంలో డెట్రాయిట్‌కు తరలించి పూర్తిచేసిన కారు ఇది. ఆ రబ్బరు దొరికే చోటు తెలిస్తే చెప్పండి.