పేరు మందిరానిది, పూచీ ఎవరిది? మత సంస్థలు కట్టే వృద్ధుల నివాసాలపై చర్చ

#1 కొత్తగడప
ఒక మత సంస్థ 120 ఇళ్ళతో వృద్ధుల నివాసం మొదలుపెడుతోంది. స్థలం ఉంది. ఎంట్రీ ఫీజు కట్టి చేరాలి, ఆపైన నెలనెలా ఛార్జీ, మంచాన పడితే అదే ఆవరణలో నర్సింగ్ విభాగం. కమిటీ ఒక్క ప్రశ్న దగ్గర నెలల తరబడి ఆగిపోయింది: మన విశ్వాసం వాళ్ళకేనా, అందరికీనా? ఎటు చెప్పినా లెక్కలతో చెప్పండి. సేవాభావం ఉంటే అన్నీ సర్దుకుంటాయనే మాటలు మాత్రం వద్దు, అవి కమిటీలో కావలసినన్ని ఉన్నాయి.

#2 గడపదీపం
మన వాళ్ళకే. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. జర్మనీలో ఆగ్స్‌బర్గ్ పట్టణంలో ఫుగ్గెరై అని ఉంది, యాకోబ్ ఫుగ్గర్ అనే వర్తకుడు 1521లో స్థాపించాడు. ఆ ఊరి బీద కేథలిక్కులకే ఇల్లు. అద్దె ఏడాదికి 88 యూరో సెంట్లు, దాంతోపాటు స్థాపకుడి కుటుంబం కోసం రోజుకి మూడు ప్రార్థనలు. ఐదొందల ఏళ్ళయినా షరతు సడలలేదు.

ఇంకో మాట. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళు కొడుకు పేరు మరిచిపోయినా, చిన్నప్పుడు కంఠతా పట్టిన ప్రార్థనని ఎవరైనా ఎత్తుకుంటే అందుకుంటారు. పక్కనున్న ఆయాకి దాని రెండో చరణం తెలిసుండాలి. ఏజెన్సీ పంపిన మనిషికి అది తెలీదు. గోడలు ఎవరైనా కడతారు, మత సంస్థ అదనంగా ఇవ్వగలిగింది ఇదే.

#3 లెక్కలపుస్తకం
ఫుగ్గెరై వృద్ధాశ్రమమే కాదు, బీదల ఇళ్ళు. పైగా అది ఎంట్రీ ఫీజుల మీద బతకడం లేదు. ఆ ఫౌండేషన్‌కి అడవులున్నాయి, ఆదాయంలో ఎక్కువ భాగం వాటినుంచే వస్తుంది. చేరేవాడి డబ్బుతో పని లేనప్పుడు షరతు ఎంత బిగించినా చెల్లుతుంది. ఈ 120 ఇళ్ళకి అడవి ఉందా?

లేదంటే అప్పు తేవాలి. అప్పిచ్చేవాడు పునాది తియ్యకముందే దాదాపు 70 శాతం ఇళ్ళకి అడ్వాన్సులు చూపమంటాడు. ఉత్త పేర్ల జాబితా పనికిరాదు, ఎంట్రీ ఫీజులో పదో వంతు ఎస్క్రో ఖాతాలో, అంటే షరతు తీరేదాకా సంస్థ ముట్టుకోకుండా మూడో మనిషి చేతిలో ఉండే ఖాతాలో, పడి ఉండాలి. అంటే 84 కుటుంబాలు. ఊరికే పేరు రాయించుకున్నవాళ్ళు డబ్బు అనేసరికి "వచ్చే ఏడు చూద్దాం" అంటారు, ఉన్న ఇల్లు అమ్మడానికి మనసు రాదు. కాబట్టి 84 మంది తేలాలంటే కొన్ని వందల గడపలు ఎక్కాలి. మీ సంఘంలో 75 దాటి, ఇల్లు అమ్మగలిగి, ఇంకా తమ కాళ్ళమీద తాము నడుస్తున్నవాళ్ళు ఎంతమందో ముందు లెక్కపెట్టుకోండి. మన వాళ్ళకేనా అన్న ప్రశ్న ఆ తర్వాత.

#4 సిమెంటుబస్తా
ఎవరిని చేర్చుకున్నా సరే, ప్రార్థన మందిరం నేల మట్టానికి కట్టండి. ఎత్తు మీద ఉంటేనే శోభ అంటారు. 45 సెంటీమీటర్ల అరుగుకి 1:12 వాలులో ర్యాంప్ 5.4 మీటర్లు, పైనా కిందా వీల్‌చైర్ తిరగడానికి మీటరున్నర చొప్పున చదును. మొత్తం 8.4 మీటర్లు. ఆఖర్న గుర్తొస్తే అంత చోటు మిగలదు. దొరికిన చోటులో నిటారుగా పోస్తారు, తోసే మనిషితో సహా కుర్చీ వెనక్కి జారుతుంది.

#5 గడపదీపం
@లెక్కలపుస్తకం, అడవులు లేనివాళ్ళూ నడిపారు. ఫ్రాన్స్‌లో జాన్ జ్యుగన్ అనే ఆవిడ 1839లో చూపులేని ఒక ముసలావిడని ఇంటికి తెచ్చుకుని తన మంచం ఇచ్చేసింది. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ద పూర్ అనే సన్యాసినుల సంస్థ అలా పుట్టింది. బుట్ట పట్టుకుని గడప గడపా అడిగి తెచ్చి పెట్టారు. వాళ్ళని ఏ బ్యాంకు 70 శాతం చూపమంది? ప్రార్థనకి పోయే సమయాన్ని కూడా "ఉత్పాదకత లేని గంటలు" అని రాసే ఆడిటర్లు ఉన్నారు, మీరూ ఆ బాపతే అనుకుంటాను.

#6 లెక్కలపుస్తకం
మీ ఉదాహరణ మీకే ఎదురు తిరిగింది. లిటిల్ సిస్టర్స్ మతం చూసి చేర్చుకోరు, పేదరికం చూసి చేర్చుకుంటారు. అక్కడికి ఎవరూ ఇల్లమ్మిన డబ్బు మూటగట్టుకుని రారు. ఇక్కడ వస్తారు. తేడా అంతా అందులోనే ఉంది.

ఈ 120 ఇళ్ళ నడక చూద్దాం. మొదటి రెండేళ్ళలో 120 ఎంట్రీ ఫీజులు వస్తాయి. అవి నిర్మాణం అప్పుకే పోతాయి, పోవాలి కూడా. ఆరోగ్య పరీక్ష చేసి చేర్చుకున్నారు గనక తర్వాత నాలుగైదేళ్ళు ఇళ్ళు పెద్దగా ఖాళీ కావు. ఏడాదికి మూడో, నాలుగో. కొత్త ఫీజులూ అన్నే. కమిటీ మాత్రం మొదటి రెండేళ్ళ జోరు చూసి బడ్జెట్ వేసుకుని ఉంటుంది. ఎనిమిదో ఏడు దాటేసరికి 76లో చేరినవాళ్ళంతా కట్టగట్టుకుని 85కి దగ్గరవుతారు. ఒకే రోజున నాటిన తోట ఒకేసారి ముదురుతుంది. నర్సింగ్ మంచాలు చాలవు. జీవితాంతం అని ఒప్పందం రాశారు కాబట్టి బయట పెట్టి చూపించినా బిల్లు సంస్థదే. దంపతుల్లో ఒకరు మంచాన పడితే ఇంకొకరు ఇంట్లోనే ఉంటారు, అంటే ఒక్క ఒప్పందం కింద రెండు చోట్లు.

ఇక మొహమాటం ఖరీదు. నెల ఛార్జీ 100, ఖర్చు 100 అనుకోండి. పెద్దవాళ్ళని ఇబ్బంది పెట్టలేక ఛార్జీ ఏటా 4 శాతమే పెంచారు. జీతాలు, మందులు, కరెంటు కలిసి 7 శాతం పెరిగాయి. పదేళ్ళకి ఛార్జీ 148, ఖర్చు 197. తలకి నెలకి 49 లోటు. ఆ లోటుని కొత్తగా చేరేవాళ్ళ ఫీజులతో పూడ్చడం మొదలైన రోజే అది గొలుసు స్కీము అయిపోతుంది. నడిపేవాడు దొంగ కానక్కర్లేదు, మంచివాడైతే చాలు.

ఎంట్రీ ఫీజు చేతికొచ్చిన రోజు మొత్తం ఆదాయం కాదు. తిరిగివ్వనక్కర్లేని భాగాన్ని, ఆ మనిషి ఇంకా ఎన్నేళ్ళు ఉంటారని యాక్చువరీ (ఆయుష్షు లెక్కలు కట్టే నిపుణుడు) అంచనా వేస్తే అన్నేళ్ళకి పంచి, ఏ ఏటి వాటా ఆ ఏడు మాత్రమే రాసుకోవాలి. మిగతాది మీరు బాకీ ఉన్న సేవ.

#7 వానచినుకు
నచ్చక వెళ్ళిపోతానంటే ఎంట్రీ ఫీజు వెనక్కిస్తారా?

#8 పాతకాపు
ఒప్పందాన్ని బట్టి. నెలకి 2 శాతం కోసే పద్ధతిలో 20 నెలలకి బయటికొస్తే 60 శాతం చేతికొస్తుంది, 50 నెలలు నిండితే ఏమీ రాదు. 90 శాతం తిరిగిచ్చే ఒప్పందం వారసులకి ముద్దొస్తుంది గాని, చాలాచోట్ల ఆ ఇంట్లో ఇంకొకరు చేరాకే ఇస్తామని లోపల రాసుంటుంది.

అసలు ప్రశ్నకి వస్తే, చట్టం ఒప్పుకుంటుందా అన్నది ఒకటి, అవసరమా అన్నది ఇంకొకటి. అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం, వ్యాపారం కోసం కాకుండా మత సంస్థ నడిపే ఇళ్ళలో తమ మతస్థులకే చోటివ్వడానికి వీలు కల్పించింది, ఆ మతంలో చేరడానికి జాతి, రంగు లాంటి అడ్డు లేకపోతే. అయినా క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు పెన్సిల్వేనియాలో 1967లో ఫౌల్క్‌వేస్, 1973లో కెండల్ అనే వృద్ధుల నివాసాలు తెరిచినప్పుడు తలుపులు అందరికీ తీశారు. వాళ్ళ విశ్వాసం ఎక్కడ కనిపించిందంటే, నర్సింగ్ విభాగంలో ముసలివాళ్ళని కుర్చీలకి కట్టెయ్యడం మామూలుగా ఉన్న రోజుల్లో కెండల్‌లో ఎవరినీ కట్టెయ్యలేదు. తర్వాత దాన్ని ఉద్యమంగా ఊరూరా తీసుకెళ్ళారు. మనుషుల్ని కట్టెయ్యకుండా ఉండాలంటే మంచం ఎత్తు తగ్గించాలి, రాత్రి డ్యూటీలో మనుషులు ఉండాలి, పడిపోయే ప్రమాదం గురించి కుటుంబంతో ముందే మాట్లాడుకోవాలి. ఆయాకి ప్రార్థన రావడం మంచిదే. కట్లు విప్పడం అంతకంటే కష్టం.

#9 సిమెంటుబస్తా
మంచం ఎత్తు అన్నారు కాబట్టి: బాత్రూం గోడలో గ్రాబ్ బార్‌కి (పట్టుకుని లేచే కడ్డీకి) బలం టైల్స్ వెయ్యకముందే పెట్టాలి. బోలు ఇటుక మీద స్క్రూ బిగిస్తే మనిషి బరువు పడగానే ఊడి చేతికొస్తుంది. ర్యాంప్ గురించి ఎవరూ పట్టించుకోలేదని గమనించాను.

#10 గడపదీపం
కెండల్ బాగుంది, కాదనను. కానీ తలుపులు తీశాక ఇరవై ఏళ్ళకి బోర్డులో ఎవరుంటారు? మొదట అందరినీ చేర్చుకుంటారు. తర్వాత నివాసుల ప్రతినిధి బోర్డులోకి వస్తాడు, ప్రార్థన గంట నిద్ర చెడగొడుతోందని అర్జీ పెడతాడు. ఆ తర్వాత మందిరం "బహుళ ప్రయోజన హాలు" అవుతుంది. ఆఖరికి పేరు మారుతుంది. పూర్వీకుల స్థలం ఇచ్చింది హాలు కోసం కాదు. అందుకే బోర్డులో మూడింట రెండొంతులు సంఘం నియమించేవాళ్ళే ఉండాలి, మేనేజర్ నియామకం సంఘానిదే, నియమావళి మార్చాలంటే సంఘం అనుమతి ఉండాలి. ఇది బైలాల్లో రాయండి. ఆపైన ఎవరిని చేర్చుకున్నా నాకు పెద్ద పట్టింపు లేదు.

#11 వానచినుకు
అంటే ఇన్నాళ్ళూ పోట్లాడింది ఎవరిని చేర్చుకోవాలన్న దాని గురించి కాదన్నమాట.

#12 లెక్కలపుస్తకం
ఇప్పుడు కదా అసలు సంగతి బయటపడింది. బోర్డు మీదే, మేనేజర్ మీవాడే, గేటు మీద పేరు మీదే. మరి అప్పు పత్రం మీద సంతకం?

పసిఫిక్ హోమ్స్ కథ చూడండి. అమెరికాలో మెథడిస్ట్ అనే క్రైస్తవ సంఘానికి అనుబంధంగా కాలిఫోర్నియా, అరిజోనా, హవాయిల్లో ఏడు నివాసాలు. జీవితాంతం చూసుకుంటామని ఒప్పందాలు. మనుషులు అంచనా కంటే ఎక్కువ కాలం బతికారు, ధరలు పెరిగాయి, కొత్త ఫీజులతో పాత బిల్లులు కట్టారు. 1977లో దివాలా. నివాసులు చర్చి మీదే దావా వేశారు. యునైటెడ్ మెథడిస్ట్ చర్చి అనేది దావాకి నిలబడే సంస్థే కాదని చర్చి తరఫువాళ్ళు వాదించారు. 1979లో కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు ఆ వాదన కొట్టేసింది. 1980లో సుమారు 2 కోట్ల 10 లక్షల డాలర్లకి రాజీ పడ్డారు.

#13 గడపదీపం
సంఘం పూచీ పడదు. కుండ బద్దలు కొట్టి చెబుతున్నాను. సంఘానికి మందిరాలున్నాయి, బడులున్నాయి, కానుకలిచ్చినవాళ్ళు వాటికోసం ఇచ్చారు. ఒక నివాసంలో లోటొస్తే వాటిని తాకట్టు పెట్టమంటారా? స్థలం ఇచ్చాం, పేరు ఇచ్చాం. వేరే ట్రస్ట్, వేరే ఖాతాలు. ప్రతిదానికీ పూచీ అడిగితే ఇక ఏ సంఘమూ ఏ పుణ్యకార్యమూ మొదలుపెట్టదు.

#14 లెక్కలపుస్తకం
పూచీ పడనక్కర్లేదు. పడనప్పుడు పెత్తనం ఎందుకు? మూడింట రెండొంతుల బోర్డు, మేనేజర్ నియామకం, బైలాల మీద వీటో మీ చేతిలో పెట్టుకుని, బాధ్యత వేరే ట్రస్ట్‌దంటే కోర్టులో నిలవడం కష్టం. కోర్టు సంగతి అలా ఉంచండి. ఇల్లమ్మిన ముసలావిడ ట్రస్ట్ పేరు చదివి రాదు. గేటు మీద మందిరం పేరు చూసి వస్తుంది. బ్యాలెన్స్ షీట్ అడగాలన్న ఆలోచనే రాదు, అడిగితే తప్పేమో అనుకుంటుంది. ఆ నమ్మకం వల్లే మీ 84 అడ్వాన్సులు త్వరగా నిండుతాయి. లాభం పేరుకి, నష్టం ట్రస్ట్‌కి అంటే కుదరదు.

#15 పాతకాపు
ఇద్దరూ కాస్త తగ్గండి. పేరూ పెద్దమనిషీ ఉంటే చాలనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పే ఉదాహరణ ఇంకోటుంది. ఫ్లోరిడాలో జె.సి. పెన్నీ అనే దుకాణాల వ్యాపారి 1920ల్లో రిటైరైన పాస్టర్ల కోసం కాటేజీలు, మందిరం కట్టించాడు. 1929 తర్వాత ఆయన ఆస్తే కరిగిపోయింది. ఆ నివాసం ఇవాళ్టికీ ఉందిగాని, ఒక్కడి జేబు మీద మాత్రం నిలవలేదు. పూర్తి పూచీకీ పూర్తి చేతులు దులుపుకోవడానికీ మధ్య ఒకటుంది: డబ్బయిపోయినవాళ్ళని బయటికి పంపకుండా ఉంచడానికి విడి నిధి. దాని సైజు లెక్కకట్టొచ్చు. 120 మందిలో ఆరుగురికి డబ్బయిపోయిందనుకోండి, ఒక్కొక్కరికీ ఏడాది ఖర్చులో సగం తక్కువపడింది. మొత్తం మూడు మనుషుల ఏడాది ఖర్చు. నిధి తరగకుండా ఏటా 4 శాతం తీస్తే, ఆ మూడుకి 25 రెట్లు, అంటే 75 మనుషుల ఏడాది ఖర్చు నిధిలో ఉండాలి.

#16 వానచినుకు
75! అది ఎప్పటికి పోగవుతుంది?

#17 పాతకాపు
మొదటి రోజునుంచీ పెడితేనే. ఎనిమిదో ఏడు మొదలుపెడితే కాదు. ఎంట్రీ ఫీజుల్లోంచి తీయకూడదు, అది మళ్ళీ నివాసుల డబ్బే. కానుకలూ వీలునామాలూ రావాల్సింది ఇక్కడికి. సంఘం నిజంగా చెయ్యగలిగిన పని కూడా ఇదే.

#18 కొత్తగడప
కమిటీకి రెండు కాగితాలు తీసుకెళ్తాను. మొదటిది: సంఘం ఆ నిధికి ఏటా ఇంత ఇస్తుందని రాతపూర్వకంగా హామీ ఇస్తే బోర్డులో మూడింట రెండొంతులు తీసుకోవచ్చు. రెండోది: ఇవ్వకపోతే బోర్డులో మూడో వంతే. ఒప్పందంలో సంతకం గీతకి సరిగ్గా పైన, మిగతా అక్షరాల కంటే పెద్దగా, "ఈ నివాసం అప్పులకూ హామీలకూ సంఘం బాధ్యత వహించదు" అని. రెండింట్లో ఏది వచ్చినా చేరిక అందరికీ తెరిచి, మొదటి ఆరు నెలలు మాత్రం సంఘ సభ్యులకి ముందు అవకాశం.

#19 గడపదీపం
మొదటిదానికి సంఘంలో మాట్లాడి చూస్తాను. అంకె తక్కువగా మొదలవుతుంది. రెండోదాంట్లో ఆ వాక్యం చివర్న, నిబంధనల్లో కలిపి పెట్టండి. సంతకం పైన పెడితే సంతకం పెట్టేవాడు ఆగిపోతాడు.

#20 లెక్కలపుస్తకం
అందుకే అక్కడ పెట్టమనేది.

#21 సిమెంటుబస్తా
అరుగు ఎత్తు ఎంతో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

#22 కొత్తగడప
ఇప్పుడే ప్లాను తీసి చూశానండి. 60. ముందు నాలుగు మెట్లు గీసున్నాయి, ర్యాంప్ లేదు.

#23 సిమెంటుబస్తా
60కి 7.2 మీటర్లు, చదునుతో కలిపి 10.2. ముందు చోటెంతుంది?