ముందు టైరు లోపలి అంచు తినేస్తోంది: క్యాంబర్‌ని జాకీతో వంచి కలపడం సరైనదేనా?

ఎంవీపీ సెక్టార్ 6
14 అంగుళాల రిమ్ములున్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్. టైర్లు 12,000 కి.మీ. తిరిగాయి. ముందు ఎడమ టైరు బయటి గాడి లోతు 5.5 మి.మీ., లోపలి గాడి 2.8. వీల్ అలైన్‌మెంట్ ప్రింటులో క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు, మైనస్ అంటే పైభాగం లోపలికి) ఎడమ మైనస్ 1°20′, కుడి మైనస్ 0°25′. ముందు మొత్తం టో (పైనుంచి చూస్తే చక్రాల ముందుభాగాలు తిరిగి ఉన్న కోణం, మైనస్ అంటే బయటికి) మైనస్ 0°24′. హైడ్రాలిక్ జాకీ బిగించి నకిల్ (చక్రం హబ్‌ని పట్టుకునే ముక్క) దగ్గర వంచి క్యాంబర్ కలిపేస్తామని షెడ్డువాళ్లు అంటున్నారు. చేయించవచ్చా? కారైతే ఎటూ లాగడం లేదు.

గాజువాక పానా
ముందు టో సంగతి చూడండి. నేరుగా పోతున్నప్పుడు ముందు చక్రాలు రెండూ మొత్తం టోని చెరిసగం పంచుకుంటాయి. అంటే ఒక్కో టైరుకి 0.2 డిగ్రీ. కిలోమీటరుకి దాదాపు మూడున్నర మీటర్లు టైరు పక్కకి రాసుకుంటూ పోయినట్టు. 12,000 కిలోమీటర్లకి అది 42 కిలోమీటర్లు. ఒక డిగ్రీ క్యాంబర్ ఒక్కటే ఇంత తొందరగా టైరుని తినదు. మైనస్ టో లోపలి అంచునే అరగదీస్తుంది. ట్రెడ్ మీద అడ్డంగా అరచెయ్యి రాయండి. ఒకవైపు నున్నగా, తిరిగి వస్తుంటే రంపపు పళ్లలా తగిలితే అది టో పనే. టై రాడ్లు (స్టీరింగు నుంచి చక్రాలకి వెళ్లే కడ్డీలు) తిప్పితే సరిపోయేదానికి నకిల్ వంచడం ఎందుకండీ?

కంచరపాలెం 4వ గేరు
పానా గారూ, టో ఒక్కటే కారణమైతే రెండు టైర్లూ ఒకేలా అరగాలి కదా. కుడి టైరు కొలతలు కూడా పెట్టమనండి.

ఎంవీపీ సెక్టార్ 6
కుడి టైరు బయట 5.4, లోపల 4.3. రెండు టైర్లకీ రంపపు పళ్లు తగులుతున్నాయి, ఎడమదానికి ఎక్కువ.

కంచరపాలెం 4వ గేరు
అయితే టో రెండింటినీ తింటోంది, ఎడమవైపు క్యాంబర్ దానికి తోడైంది. రెండూ సరిచేయాల్సిందే. ఇక వంచడం గురించి. ఇది పాపం అన్నట్టు మాట్లాడతారు గానీ, గోతిలో పడి ఒంగినదాన్ని వెనక్కి తేవడమే అది. నకిల్ మార్చాలంటే హబ్ బేరింగ్ ప్రెస్సు మీద ఊడదీయాలి. ఊడదీసిన బేరింగ్ మళ్లీ పనికిరాదనే అనుకోవాలి. పాత సామాన్లలో కొన్న నకిల్ తిన్నగానే ఉందన్న నమ్మకమూ లేదు. అర డిగ్రీ లోపు తేడాకి, అదీ పోత ఇనుము నకిల్ అయితే, చేయి తిరిగినవాడు నెమ్మదిగా వంచితే నేను ఒప్పుకుంటాను. అల్యూమినియం నకిల్‌ని మాత్రం ముట్టుకోకూడదు.

సింహాచలం ఘాట్
నేను ఒప్పుకోను. జాకీ బలం మనం అనుకున్న చోటే ఆగదు, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఒంగుతుంది. చాలాసార్లు అది స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే నిలువు భాగం) గొట్టమే అవుతుంది. లోపల పిస్టన్ ఒకవైపు రాసుకుని, సీలు దెబ్బతిని, ఆయిల్ కారడం మొదలవుతుంది. నకిల్‌లో సన్నని పగులు వస్తే కంటికి కనపడదు. బ్రేకు, స్టీరింగు, చక్రం మూడూ వేలాడేది ఆ ముక్క మీదే. పైగా ఇక్కడ తేడా అర డిగ్రీ కాదు, 55 నిమిషాలు (డిగ్రీకి 60 నిమిషాలు).

అసలు ఏది ఒంగిందో తేలకుండా దేన్ని వంచుతారు? ప్రింటులో ఎస్ఏఐ (స్టీరింగు తిప్పితే చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత లోపలికి వాలిన కోణం) అనే వరుస ఉంటుంది. దానికి క్యాంబర్‌ని కలిపితే వచ్చే కోణం రెండువైపులా ఒకటే అయితే సబ్‌ఫ్రేమ్ (కింద ఇంజిన్, సస్పెన్షన్ మోసే చట్రం) జరిగిందో, లోయర్ ఆర్మ్ (నకిల్‌ని కింద పట్టుకునే చెయ్యి) ఒంగిందో, పైన స్ట్రట్ కూర్చునే చోటు కదిలిందో చూడాలి. వేరైతే స్ట్రట్టో నకిలో ఒంగినట్టు. ఆ అంకెలు పెట్టండి.

ఇంకోటి, కారు లాగడం లేదని ధీమా పడకండి. క్యాంబర్ తేడా కారుని కుడికి లాగుతుంది, మన రోడ్ల వాలు ఎడమకి లాగుతుంది. రెండూ సరిపోయి తప్పు దాగిపోతుంది.

ఎంవీపీ సెక్టార్ 6
ఎస్ఏఐ ఎడమ 12°50′, కుడి 12°45′.

సింహాచలం ఘాట్
క్యాంబర్‌తో కలిపితే ఎడమ 11°30′, కుడి 12°20′ వచ్చాయి. 50 నిమిషాల తేడా. సబ్‌ఫ్రేమ్‌ని అనుమానించక్కర్లేదు, ఎడమ స్ట్రట్టో నకిలో. టైరుకీ స్ట్రట్ గొట్టానికీ మధ్య సందు రెండువైపులా ఒకే ఎత్తులో కొలవండి, ఎడమ తక్కువ వస్తుంది. తర్వాత చక్రం పైకెత్తి, స్ట్రట్ పై నట్టు కొద్దిగా వదులు చేసి (పూర్తిగా విప్పకూడదు, స్ప్రింగ్ ఎగిరి ప్రాణం తీస్తుంది) పిస్టన్ రాడ్‌ని ఒక చుట్టు తిప్పించండి. చక్రం పైభాగం లోపలికీ బయటికీ ఊగితే రాడ్ ఒంగింది. అప్పుడు ఎడమకుడి జత స్ట్రట్లు మార్చుకోవాలి.

గాజువాక పానా
రాడ్ బాగుంటే కూడా వంచే ముందు ఇంకో మెట్టుంది. స్ట్రట్, నకిల్ రెండు బోల్టులతో కలిసే కార్లలో ఆ బోల్టులు వదులు చేసి, చక్రం పైభాగాన్ని బయటికి నెట్టి పట్టుకుని బిగిస్తే రంధ్రాల ఖాళీ మేరకు కొంత కలిసొస్తుంది. చాలకపోతే పై బోల్టు స్థానంలో క్యాంబర్ బోల్టు (తిప్పితే చక్రం వాలు మారేది) వేయొచ్చు. స్ట్రట్ గొట్టం నకిల్‌లోకి దిగి ఒక్క బోల్టుతో బిగిసే కార్లకి ఇది కుదరదు. రంధ్రాన్ని ఫైలుతో సాగదీస్తామంటే మాత్రం కారు తీసుకుని వచ్చేయండి.

కంచరపాలెం 4వ గేరు
50 నిమిషాలకి జాకీ వద్దు, ఒప్పుకున్నాను. 20, 25 నిమిషాల తేడాకి మాత్రం నా మాట మార్చుకోను. అయినా ఏ పనికైనా ముందు చక్రం ఎత్తి ఊపి చూడాలి. 12, 6 గంటల చోట పట్టుకుని ఊపితే ఆట ఉంటే బాల్ జాయింటో బేరింగో. 9, 3 దగ్గర ఉంటే టై రాడ్ ఎండ్. ఆట ఉన్న బండికి అలైన్‌మెంట్ చేయిస్తే షెడ్డు గేటు దాటేసరికి మారిపోతుంది.

బీచ్‌రోడ్ తుప్పు
భీమిలి, బీచ్‌రోడ్ వైపు బళ్లకి ఉప్పుగాలితో టై రాడ్ లాక్ నట్టు పట్టేసి ఉంటుంది. మొండిగా తిప్పితే రబ్బరు బూటు మెలిపడి చిరుగుతుంది, స్టీరింగు ర్యాక్‌లోకి నీళ్లు పోతాయి. ముందురోజే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి, వైరు బ్రష్‌తో మర శుభ్రం చేసి, బూటు క్లిప్పు వదులు చేశాకే తిప్పమనండి.

సింహాచలం ఘాట్
వరుస తప్పనివ్వకండి. చల్లటి టైర్లలో గాలి, డిక్కీ ఖాళీ, తర్వాత క్యాంబర్, అన్నిటికన్నా చివర టో. క్యాంబర్ కదిపితే టో మారుతుంది, ముందే టో కలిపితే ఆ పని వృథా. కారులో ఈఎస్‌సీ (కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఉంటే స్కానర్‌తో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ని సున్నా చేయించండి. ముందు, తర్వాత ప్రింట్లు రెండూ అడిగి తీసుకోండి. ఆ ఎడమ టైరుని వెనక్కి వేసినా నెలకోసారి లోపలి గాడి కొలుస్తుండాలి, 1.6 మి.మీ. చేరితే తీసేయాల్సిందే.